గంగలో వదిలిన మిరపకాయ

మా నాయనమ్మ మిరపకాయను వదిలేసింది మాఘ బహుళ ఏకాదశి, బుధవారం, ఉదయం ఏడుగంటల పది నిమిషాలకు. కాశీలో, మోకాలి లోతు గంగలో నిలబడి వదిలింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నేను కాశీ వెళ్ళలేదు, నరసరావుపేటలో అమ్మ దగ్గరే ఉన్నాను. అయినా ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, వదిలిన మరుక్షణం నాయనమ్మ మెట్ల మీద నిలబడ్డ తాతయ్యను కేకేసి టైము ఎంతైందని అడిగిందట. ఏది వదిలినా ఎప్పుడు వదిలామో తెలిసుండాలని ఆమె పట్టుదల. తాతయ్య జేబు గడియారం చూసి టైము చెప్పి, ఇప్పుడెందుకని అడిగి, జవాబు విని ఆ తడి మెట్ల మీదే కూలబడ్డాడట. ఎందుకంటే మాది మిర్చి కొట్టు. ఇంటి ముందు భాగమంతా బస్తాలే. మేం తినే అన్నం, కట్టుకునే బట్ట అంతా మిరపకాయలోంచే వచ్చేది.

కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక కాయనూ ఒక పండునూ వదిలి రావడం మావాళ్ళలో ఆచారం. వదిలింది మళ్ళీ జన్మలో ముట్టకూడదు. నాయనమ్మతో పాటు వెళ్ళిన ఆమె తోడికోడలు, మా పెద్ద నాయనమ్మ, కాకరకాయ వదిలింది. ఆవిడ అంతకుముందు కూడా కాకరకాయను గడప లోపలికి రానిచ్చేది కాదు. "తినని కాయ వదిలితే గంగమ్మకు తెలవదంటావా అక్కా?" అని నాయనమ్మ నవ్విందట. "అయితే నువ్వు తినేదాన్ని వదులు, చూస్తా" అన్నదట పెద్ద నాయనమ్మ. అంతే. నాయనమ్మకు రోజూ రెండుపూటలా పచ్చిమిరపకాయ కొరుక్కోందే మజ్జిగన్నం దిగేది కాదు. ఆ మిరపకాయనే వదిలేసింది. పండు సంగతికొస్తే సీతాఫలం వదిలింది. అదీ ఇష్టమైనదే, కానీ దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మిరపకాయ ముందు సీతాఫలం ఏపాటి!

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల నేను చేసిన మాచర్ల ప్రయాణం. మూత్రపిండాలు బాగాలేవని డాక్టరు నాకు ఉప్పు బాగా తగ్గించాడు. టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్ళు వద్దన్నాడు. డెబ్బై రెండేళ్ళు ఇష్టమొచ్చినట్టు తిన్న మనిషిని నేను. ఇక ఏ ఊరికీ కదలనని చెప్పి కూర్చున్నాను. మా సుభద్ర పిన్ని వినలేదు. పిన్ని మా చిన్న బాబాయి భార్య, నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. మాచర్లలో ఆమె తమ్ముడి మనవడు ఇల్లు కట్టాడు, గృహప్రవేశానికి నన్ను వెంటబెట్టుకుని తీరాలంది. తెల్లవారుజామునే లేచి నాకోసం వేరే వంట చేసి, మూడు గిన్నెల క్యారేజీ కట్టి, కారు మాట్లాడి మా గుమ్మం ముందు దిగింది. దారిలో పిడుగురాళ్ళ దాటాక ఓ హోటలు దగ్గర కాఫీకి ఆగాం. నేను ఊరుకోక సర్వరును అడిగాను.

"బాబూ, ఉప్పు లేకుండా ఏమున్నాయి?"

అతను పైకప్పు వంక చూసి ఆలోచించాడు. "మంచినీళ్ళున్నాయి మామ్మా."

పిన్ని పగలబడి నవ్వింది. "ఆ సీసా నీళ్ళల్లో గూడా ఏందో కలుపుతారంట. చూసుకుని తాగవే" అంది. ఆ సర్వరు కూడా నవ్వి, మా క్యారేజీ తెరుచుకోవడానికి రెండు ఆకులు కడిగి తెచ్చాడు. వాటి ముందు కూర్చున్నాక నాకు నాయనమ్మతో చేసిన ప్రయాణాలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి.

నాయనమ్మ వ్రతం ఇంట్లో ఉన్నంతసేపు పెద్ద కష్టం కాదు. ఆమెకు వేరే మూకుడు, వేరే గరిటె, గుప్పెడంత చిన్న రోలు ఉండేవి. మిరపకాయ తగిలిన నూనె కూడా పనికిరాదు. కారానికి మిరియాలు, అల్లం, కాస్త వాము. పెరట్లో ఆమె మిరియాలు దంచుతుంటే ముందు వసారాలో కూలీలు మిరపకాయలు ఏరి, తెల్లబోయిన తాలు కాయలు పక్కన పోసేవాళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే ఆ ఘాటుకు ఇంటికొచ్చిన చుట్టాలు గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాతే కుశలం అడిగేవాళ్ళు. మాకు మాత్రం తుమ్ము వచ్చేది కాదు. నాయనమ్మ ఆ ఘాటులో కూర్చుని, కళ్ళు మూసుకుని, గట్టిగా గాలి పీల్చేది. "వాసన వదల్లేదుగా, కాయనే వదిలా" అనేది.

కష్టమంతా ఊరు దాటితేనే. పల్నాడులో మిరపకాయ పడని వంట ఏ ఇంట్లో దొరుకుతుంది? పప్పులో పచ్చిమిర్చి, పచ్చట్లో ఎండుమిర్చి, పులుసు తాలింపులో మళ్ళీ ఎండుమిర్చి. మజ్జిగలోకి నంజుకోమని ఊరమిరపకాయ. పోనీ నేను మిరపకాయ తిననని చెబుదామంటే తాతయ్య ఆంక్ష ఒకటి. కాశీ నుంచి తిరిగొచ్చే రైల్లోనే ఆయన గట్టిగా చెప్పేశాడట: "మిర్చి షావుకారు పెళ్ళాం మిరపకాయ ముట్టదంటే మన సరుకు ఎవడు కొంటాడే? దాంట్లో ఏదో ఉందనుకోరూ? ఈ మాట బయటికి పోగూడదు." నాయనమ్మ సరేనంది. అప్పటినుంచి ఏ ఊరెళ్ళినా ఆమె చెప్పేది ఒకటే: "ఇవాళ నాకు ఒక్కపొద్దమ్మా, పాలు చాలు." అలా చెప్పి, ఎవరూ చూడకుండా మా క్యారేజీ తెరిచేది. తెరవడానికి సత్రం అరుగు, బండి నీడ, ఒకసారి సత్తెనపల్లిలో చుట్టాల గడ్డివాము వెనక. తోడు నన్ను తీసుకెళ్ళేది. ఎక్కడైనా ఏదైనా తప్పనిసరిగా నోట్లో వేసుకోవాల్సి వస్తే ముందు నేను రుచి చూసి, కారం తగిలితే కుడి చెవి పట్టుకోవాలి. ఆ కాలంలో నా కుడి చెవి ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. చుట్టాలు ఆమెను చూసి, "మీ నాయనమ్మ చానా నిష్ఠ గల మనిషే, ఎప్పుడొచ్చినా ఒక్కపొద్దే" అని నాతో మెచ్చుకోలుగా అనేవాళ్ళు.

క్యారేజీ సర్దడం ఆమె దగ్గర చూడాలి. అడుగు గిన్నెలో పులిహోర, పచ్చిమిర్చికి బదులు అల్లం ముక్కలూ దంచిన మిరియాలూ వేసి. మధ్య గిన్నెలో పెరుగన్నం. నిజానికి పొద్దున అది పెరుగన్నం కాదు. మెత్తగా వండిన అన్నంలో కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు మాత్రం కలిపేది. ప్రయాణం సాగినంతసేపూ అది లోపల తోడుకుంటూ, మధ్యాహ్నానికి సరిగ్గా కమ్మగా అయ్యేది. పొద్దుననే పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులిసి ముఖం చిట్లించాల్సిందే. ఎంత దూరం వెళ్తున్నామో చూసి, పెరుగు చెంచా నిండా వెయ్యాలో సగం వెయ్యాలో నిర్ణయించేది. రెంటచింతల మీదుగా వెళ్ళేదైతే ఆ ఎండకు సగం చెంచా చాలు. పై గిన్నెలో సున్నుండలు, వాము జంతికలు. పక్కన గుడ్డలో ఉప్పులో ఊరిన నిమ్మకాయ బద్దలు. మూత తీయగానే వచ్చే ఆ అల్లం వాసనకు ఆకలి లేనివాళ్ళకు కూడా ఆకలేసేది. ఊరెళ్ళినప్పుడు నేను చుట్టాలింటి భోజనం పూర్తిగా తిని, గడ్డివాము వెనక మళ్ళీ నాయనమ్మతో తినేదాన్ని. నన్ను అందుకే తీసుకెళ్తోందని అప్పట్లో నా నమ్మకం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చిన్న బాబాయికి మాచర్ల సంబంధం వచ్చింది. పిల్ల తండ్రికి అక్కడ కిరాణా కొట్టుంది. ఏటా మా తాతయ్య దగ్గరే మిర్చి కొనేవాడు. బాబాయి ఆ పిల్లను అప్పటికే గురజాలలో ఒక పెళ్ళిలో చూశాడు. చూసినప్పటినుంచీ తిండి సగమైంది, క్రాపు దువ్వుకోవడం రెట్టింపైంది. ఈ సంబంధం తప్పితే ఇంక నాకు చూడొద్దని మా అమ్మతో చెప్పాడు. అమ్మ నాయనమ్మతో చెప్పింది. నాయనమ్మ ఆలోచనలో పడింది. ఆమెకు పిల్ల గురించి బెంగ లేదు, బెంగంతా భోజనం గురించే. మావాళ్ళలో పెళ్ళిచూపులకు వెళ్ళినచోట పిల్ల నచ్చితేనే విస్తరి ముందు కూర్చుంటారు. నచ్చకపోతే మజ్జిగ తాగి, ఉత్తరం రాస్తామని చెప్పి లేస్తారు. కూర్చుని తిన్నారంటే ఒప్పుకున్నట్టే. కాబట్టి అక్కడ ఒక్కపొద్దు అబద్ధం చెల్లదు. "అన్నం, నెయ్యి, పెరుగు, బూరెలు. వాటితో గడుపుకొస్తా. నువ్వు నా పక్కనే కూర్చోవే" అని నాతో చెప్పి, అయినా దేనికైనా మంచిదని క్యారేజీ కట్టి సంచిలో పెట్టింది.

తాతయ్య, నాయనమ్మ, బాబాయి, నేను పొద్దున బస్సెక్కి, మిట్టమధ్యాహ్నానికి మాచర్లలో దిగాం. పిల్ల వచ్చి కూర్చుంది. నాయనమ్మ ఏవో నాలుగు మాటలడిగింది. పిల్ల లోపలికి వెళ్ళేటప్పుడు జడ చూసి, నా చెవిలో "బాగుందే" అంది. తాతయ్య తల ఊపాడు. బాబాయి తల అసలు ఎత్తలేదు. మగపెళ్ళివారమని మమ్మల్ని నలుగురినీ ఒకే వరసలో కూర్చోబెట్టి విస్తళ్ళు వేశారు. బూరెలు వచ్చాయి. అన్నం, నెయ్యి వచ్చాయి. ముద్దపప్పు వచ్చింది, నేను వేలితో తీసి నాకి చూశాను. చెవి పట్టుకోలేదు. నాయనమ్మ కాస్త స్థిమితపడింది. అంతలో పిల్ల తల్లి పెద్ద పళ్ళెంతో తనే స్వయంగా వచ్చింది. గుత్తివంకాయ. నూనె తేలుతూ ఎర్రగా, ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

"వదినా, ఇది మా సుభద్ర చేసింది. కారం మీ కొట్టు కాయలదే. మా ఇంట్లో పిల్ల చేతి కూర ముందు అత్తగారే రుచి చూసి ఎట్టా ఉందో చెప్పాలి."

ఈ పద్ధతి ఒకటుందని మాకెవరికీ తెలీదు. నాయనమ్మ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా."

"ఒక్కటే వదినా."

"వద్దంటిగా."

పళ్ళెం గాల్లోనే ఆగిపోయింది. తలుపు వెనక గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. పిల్ల తండ్రి అప్పటిదాకా నవ్వుతూ నెయ్యి గిన్నె పట్టుకుని తిరుగుతున్నాడు, గిన్నె కింద పెట్టేశాడు. "బలవంతం చెయ్యమాకే" అన్నాడు భార్యతో. తర్వాత తాతయ్య వైపు తిరిగి, చాలా మర్యాదగా, "బావగారూ, మూడింటికి బస్సుంది. మజ్జిగ తాగి బయల్దేరితే అందుకోవచ్చు" అన్నాడు. బాబాయి చేతిలో ముద్ద ఉంది. దాన్ని మెల్లగా విస్తట్లో దించాడు. ఆ ముద్దను అతను దించిన తీరు చూసి నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ కొడుకు వంక చూసింది. తర్వాత నాతో, "ఆ సంచి పట్రా" అంది.

"ఏమే!" అన్నాడు తాతయ్య. ఆ ఒక్క మాటలో ఆయన కొట్టు, బస్తాలు, బాకీలు అన్నీ ఉన్నాయి.

"మీరుండండి. నేను మిరపకాయ వదిలానుగానీ పిల్లాడి పెళ్ళి వదల్లేదు" అని నాయనమ్మ అందరి ముందూ క్యారేజీ గొళ్ళెం లాగింది. మూడు గిన్నెలూ విస్తరి పక్కన వరసగా పెట్టింది. "తమ్ముడూ, ఇట్టా చూడు. నేను కాశీలో మిరపకాయ వదిలా. పచ్చిదీ తినను, ఎండుదీ తినను. ఈ సంగతి తెలిస్తే మా సరుకు ఎవరూ కొనరని ఈయన నా నోరు కట్టేశాడు. మూడేళ్ళ నించి యాడికి పోయినా ఒక్కపొద్దని అబద్ధమాడి, గడ్డివాముల ఎనక కూర్చుని తింటన్నా. మీ పిల్ల నాకు నచ్చింది. ఆ వంకాయ చూస్తుంటే నోరూరుతుంది. తినడానికి నాకు లేదు, అంతే."

పిల్ల తండ్రి తాతయ్యను చూశాడు. "నిజమేనా బావగారూ?"

"నిజమే" అన్నాడు తాతయ్య, విస్తరిలోకి చూస్తూ. "ఇంక మిర్చి ఎవరి దగ్గర కొంటావో నీ ఇష్టం."

ముందు పిల్ల తండ్రి భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత వీధిలోకి వినబడేట్టు నవ్వాడు. "సొంత పెళ్ళామే గంగలో మునిగి వదిలించుకోవాల్సొచ్చిందంటే, అబ్బో, ఆ కాయ ఎంత ఘాటయ్యుండాల! ఈ మాట ఇన్నాళ్ళూ దాచిపెడతారా ఎవరైనా? నాకు ఇంకో పది బస్తాలు పంపించండి బావగారూ!"

ఆ నవ్వుల్లో తలుపు సందులోంచి సన్నటి గొంతు వినిపించింది. "అత్తయ్యా, మిరియాలు తింటారా?"

"తింటానమ్మా."

"అల్లం?"

"తింటా."

"మూకుడు కొత్తది ఉంది. మరి రోలు? కడిగితే చాలునా, పక్కింటి వాళ్ళది తేనా? వాళ్ళు పసుపు దంచుకునే రోలు, కారం తగల్లేదు."

ఆ రోలు సంగతి అడగడంతో నాయనమ్మ ముఖం విప్పారింది. తర్వాత బతికినన్నాళ్ళూ చెప్పేది: "జడ చూసి నచ్చిందనుకున్నా, రోలు అడిగినాక ఖాయం చేసుకున్నా."

విస్తరి ముందు కూర్చున్నాక మధ్యలో లేవకూడదు. కాబట్టి పిల్ల మిరియాలతో మళ్ళీ పెట్టిన వంకాయ ఉడికేదాకా అందరం ఎంగిలి చేతులతో అలాగే కూర్చున్నాం. అరగంట పైనే పట్టింది. తాతయ్య చేతికి పప్పు ఎండిపోయింది. పిల్ల తండ్రి నాయనమ్మ పులిహోర అడిగి పెట్టించుకుని, మిరపకాయ లేకుండా ఇది ఎలా కుదిరిందని ఆశ్చర్యపడ్డాడు. పిల్ల తల్లి పెరుగన్నం కిటుకు అడిగింది. నేను బూరెలు ఎన్ని తిన్నానో లెక్క ఉంది గానీ చెప్పను. చివరికి వంకాయ వచ్చింది, నల్లగా, మిరియాల పొగలతో. నాయనమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. బాబాయి ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"ఉప్పు ఒక పిసరు తగ్గింది" అంది నాయనమ్మ. ఇంకో ముక్క తిని, "కాపురానికొచ్చాక చూసుకుందాంలే" అంది.

అప్పుడు బాబాయి తినడం మొదలుపెట్టాడు. మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకున్నాడు. మూడింటి బస్సు పోయింది, ఆరింటి బస్సు కూడా పోయింది. ఆ రాత్రికి అక్కడే ఉన్నాం.

తాతయ్య భయపడ్డట్టు ఏమీ జరగలేదు. పిల్ల తండ్రి ఆ కథను మాచర్ల బజారంతా చెప్పాడు. తర్వాతి కాపు వచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు మా కొట్టు ముందు ఆగి, "షావుకారి భార్య గంగలో వదిలేసిన మిర్చి ఇక్కడేనా?" అని అడిగేవాళ్ళు. తాతయ్య ముందు చిరాకుపడ్డాడు. తర్వాత తానే ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పే కథలో, వదలమని నాయనమ్మకు సలహా ఇచ్చింది ఆయనే. నాయనమ్మ లోపలినుంచి విని, "అబద్ధాలు మీరు చెబితే యాపారం, నేను చెబితే పరువు" అనేది. ఆ తర్వాత ఆమె గడ్డివాము వెనకకు వెళ్ళాల్సిన అవసరం రాలేదు. ఏ ఊరెళ్ళినా ఆమెకోసం మిరియాల కూర ఒకటి వేరే మూకుట్లో సిద్ధంగా ఉండేది. నా చెవికి విశ్రాంతి దొరికింది. పిన్ని కాపురానికొచ్చాక ఆ చిన్న రోలు ఆమె చేతికి వచ్చింది. నాయనమ్మ పోయేవరకు పిన్ని ఒక్క పూట కూడా ఆమె కూరకు మిరపకాయ తగలనివ్వలేదు.

పోయిన నెల మాచర్లలో బఫే పెట్టారు. షుగరు ఉన్నవాళ్ళకు కొర్రన్నం ఒకచోట, నూనె వద్దనేవాళ్ళకు ఆవిరి కుడుములు ఒకచోట, బోర్డులు రాసి మరీ పెట్టారు. మంచిదే. ఇప్పుడు పథ్యం గురించి ఎవరూ దాచుకోరు, సిగ్గుపడరు, ఫోన్లో తమ రిపోర్టు తీసి చూపిస్తారు. నేను ఏమీ పెట్టించుకోకుండా ఓ మూల కుర్చీలో కూర్చున్నా ఎవరూ తప్పుపట్టలేదు. నేను తినలేదని ఎవరి పెళ్ళీ ఆగదు. నాకోసం తమ విస్తళ్ళ ముందు అరగంట కూర్చునేవాళ్ళు కూడా లేరు. ఈ రెండూ ఒకదానితో ఒకటి వచ్చినవేనని నాకు అనిపించింది. అందులో ఏది లాభమో తేల్చుకోలేకుండా ఉండగా పిన్ని క్యారేజీ తెచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఉప్పు లేని వంకాయ నా ప్లేటులో వేసి, తన ప్లేటులోనూ వేసుకుంది.

"నువ్వెందుకు పిన్నీ? అక్కడ నీకు గోంగూర ఉందిగా."

"ఒక్కదానివే చప్పిడి కూడు తింటే ఒంటికి పట్టదే. తిను" అంది.

ఇద్దరం కలిసి క్యారేజీ ఖాళీ చేశాం. మా చుట్టూ ఉన్న పిల్లలు వాసనకు వచ్చి, ఇదేం కూర మామ్మా అని అడిగి, రెండు ముక్కలు పట్టుకుపోయారు.

ఇంటికొచ్చి, నాయనమ్మ నుంచి వచ్చిన అలవాటు చొప్పున వదిలినవాటి లెక్క రాసుకున్నాను. పెళ్ళిచూపులనాడు బస్సెక్కిన నలుగురిలో తాతయ్య లేడు, నాయనమ్మ లేదు, బాబాయి లేడు. కొట్టు అమ్మేశాం, అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నా వరకు ఉప్పు, టమాటా, అరటిపండు, కొబ్బరినీళ్ళు. పోయినవి మొత్తం: మనుషులు ముగ్గురు, కొట్టు ఒకటి, రుచులు నాలుగు.